ప్రశ్నోత్తరాలు: ఆఫ్రికా పల్లెల్లో కంటి వైద్యం

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల పల్లెల్లో చూపు ఎందుకు పోతున్నదో గత సంచికలో వివరించాము. ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి చూపు లోపం ఉన్నదనీ, వారిలో కనీసం 100 కోట్ల మంది విషయంలో ఆ లోపం రాకుండా ఆపగలిగి ఉండేవారమనీ, లేదా ఇప్పటికైనా సరిచేయవచ్చుననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక చెప్పిన మాట పాఠకులను బాగా కదిలించినట్లున్నది. వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే ప్రశ్న వేశాయి. అందుచేత దానికి ఎక్కువ చోటు ఇచ్చి, మిగిలిన వాటికి అవసరమైనంత మేరకు జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఆఫ్రికాలో కంటి వైద్యులు చాలా తక్కువని రాశారు. అలాంటప్పుడు వైద్యులను ఎక్కువమందిని తయారుచేయడం, అంతవరకు బయటి దేశాల నుంచి బృందాలను పంపి ఉచిత శిబిరాలు పెట్టడం, ఇంతే కదా చేయవలసింది? ఇందులో అంత చిక్కేమున్నది?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: వైద్యులు తక్కువన్నది నిజమే. నివారించదగిన అంధత్వాన్ని ప్రపంచంలో లేకుండా చేయాలని 1999లో మొదలైన 'విజన్ 2020' కార్యక్రమం ఈ ప్రాంతానికి పెట్టుకున్న లక్ష్యమే 10 లక్షల జనాభాకు నలుగురు కంటి వైద్యులు. అంత చిన్న లక్ష్యాన్ని కూడా అనేక దేశాలు అందుకోలేకపోయాయి. పైగా ఉన్నవారిలో ఎక్కువమంది రాజధానిలోనో, ఒకటి రెండు పెద్ద పట్టణాలలోనో ఉంటారు. అయితే మీరు అనుకుంటున్నట్లు వైద్యుడు జిల్లా ఆసుపత్రికి వచ్చి కూర్చున్నంత మాత్రాన ఆపరేషన్లు వాటంతట అవి జరిగిపోవు. సూక్ష్మదర్శినిలో బల్బు మాడిపోయి, మారు బల్బు రాజధాని నుంచి రావలసి ఉండటం వల్ల ఆ వారం ఆపరేషన్లన్నీ నిలిచిపోవచ్చు. రోగికి కావలసిన శక్తి గల కటకం నిల్వలో లేకపోవచ్చు. శిక్షణ పొందిన నర్సును ప్రసూతి విభాగానికి బదిలీ చేసి ఉండవచ్చు. చేయి తిరిగిన శస్త్రవైద్యుడు వారానికి నాలుగైదు ఆపరేషన్లతో సరిపెట్టుకోవలసి వచ్చే స్థితి అక్కడ అరుదు కాదు.

ఇక రోగి వైపు నుంచి చూడండి. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో శుక్లాన్ని 'మ్తోతో వా జిచో' అంటారు, అంటే కంటిబిడ్డ. మనం కంటిపాప అని ముద్దుగా పిలుచుకునే చోటే, ఆ మాట మాట్లాడేవారికి చూపును మూసేసే తెల్లని బిడ్డ కనిపించింది. పల్లెలో 70 ఏళ్ల వృద్ధురాలికి రెండు కళ్లలోనూ ఈ బిడ్డ పెరిగిందనుకుందాము. ముసలితనంలో చూపు మందగించడం సహజమేనని ఆమె, ఆమె ఇంటివారు కూడా అనుకుంటారు. ఆమె కర్ర రెండో కొస పట్టుకొని నడిపించడానికి ఒక మనవరాలు బడి మానుకుంటుంది. ఆసుపత్రి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని తెలిసినా, అక్కడికి వెళ్లాలంటే బస్సు ఛార్జీ ఇద్దరికి కావాలి, ఆమెతో ఉండే మనిషి మూడు నాలుగు రోజుల పొలం పని వదులుకోవాలి, అక్కడ ఎంత అడుగుతారో ముందుగా తెలియదు, కంటిని బయటికి తీసి కడిగి మళ్లీ పెడతారని ఎవరో చెప్పిన మాట మనసులో గుచ్చుకుంటూ ఉంటుంది. ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో, వైద్యం ముందుగా ఎవరికి అందుతుందో ఆ పల్లెల్లో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దేశాలలో చేసిన సర్వేలు దాదాపు ప్రతిచోటా ఒకే సంగతి చెప్పాయి: శుక్లం స్త్రీలలో తక్కువేమీ కాకపోయినా, ఆపరేషన్ అందుతున్నది మాత్రం పురుషులకు ఎక్కువగా.

కనుక నా అభిప్రాయంలో ఈ సమస్యకు కేంద్రం వైద్యుల సంఖ్య కాదు. ఆ వృద్ధురాలి గుమ్మం నుంచి ఆపరేషన్ బల్ల దాకా ఉన్న దారిని ఎవరు, ఎలా వేస్తారన్నదే అసలు ప్రశ్న. టాంజానియాలోని మోషీ పట్టణంలో ఉన్న కిలిమంజారో సామాజిక నేత్రవైద్య కేంద్రం 2001 నుంచి దృష్టి పెట్టినది ఈ దారి మీదనే. వారు బోధించే పద్ధతిలో ఆర్భాటం ఏమీ లేదు. కంటి సిబ్బంది ఒకే ఊరికి, ముందుగా చెప్పిన తేదీకి, క్రమం తప్పకుండా వెళ్లాలి. అక్కడ పరీక్షించి శుక్లం ఉన్నవారిని అదే వాహనంలో అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రయాణం, భోజనం, ఆపరేషన్, మందు అన్నీ కలిపి ఒకే మొత్తం ముందే చెప్పాలి. చూపు వచ్చిన తరువాత మళ్లీ ఊరిలో దింపాలి. 'ఫలానా తేదీన ఆసుపత్రికి రండి' అని చీటీ రాసి చేతిలో పెడితే చాలామంది రారు. వాహనం ఎక్కినవారు వస్తారు. చూపు తిరిగి వచ్చిన మనిషి తానే నడుచుకుంటూ సంతకు వెళ్లడాన్ని పదిమంది చూసిన ఊళ్లో, తరువాతి విడతకు ఎవరినీ ఒప్పించవలసిన పని పెద్దగా ఉండదు.

శిబిరాల గురించి కూడా ఒక మాట. బయటి బృందం వారం రోజులు వచ్చి వందల ఆపరేషన్లు చేసి వెళ్లిపోతే, ఎనిమిదో రోజున కన్ను ఎర్రబడి చీము పట్టిన రోగిని చూసేవారెవరు? ఉచిత బృందం మళ్లీ ఎప్పుడో వస్తుందని జనం ఎదురుచూస్తూ ఉంటే, ఏడాది పొడవునా అక్కడే ఉండే స్థానిక వైద్యుడి దగ్గరకు ఎవరు వెళతారు? శిబిరాలన్నీ వృథా అని నేను అనను. స్థానిక వైద్యుడికి పక్కన నిలబడి నేర్పి వెళ్లిన బృందాలు మేలే చేశాయి. అయితే ఫొటోలలో బాగా కనిపించేవన్నీ బాగా పనిచేసేవి కావు.

సామగ్రి సంగతికి వస్తే, ఖరీదైన యంత్రం లేకుండా, చిన్న కోతతో, చాలా సందర్భాలలో కుట్టు కూడా అవసరం లేకుండా, మత్తు సూది కంటి వరకే ఇచ్చి శుక్లాన్ని తీసి కటకం అమర్చే పద్ధతి ఆఫ్రికా ఆసుపత్రులలో స్థిరపడింది. ఆస్ట్రేలియా వైద్యుడు ఫ్రెడ్ హాలోస్ సంకల్పించిన కటకాల కర్మాగారం ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1994లో, ఎరిట్రియా రాజధాని అస్మరాలో ప్రారంభమైంది. 30 ఏళ్ల పోరాటం నుంచి అప్పుడే బయటపడి, 1993లో స్వతంత్ర దేశమైన చోట కంటి కటకాలు తయారుకావడం ఆ రోజుల్లో చాలామందికి నమ్మశక్యంగా అనిపించలేదు.

ప్రశ్న: వైద్యులు కానివారు, అంటే నర్సులు, ఆరోగ్య సహాయకులు కంటికి ఆపరేషన్ చేస్తారని చదివి ఆశ్చర్యపోయాను. పేదలైతే ఎవరు కోసినా ఫరవాలేదా?
(ఒక నర్సింగ్ విద్యార్థిని)

జవాబు: మీ కోపంలో న్యాయం ఉన్నది కాబట్టే జాగ్రత్తగా జవాబు చెప్పాలి. కెన్యా, మలావీ, టాంజానియా, గాంబియా వంటి దేశాలలో 'కంటి క్లినికల్ అధికారి', 'శుక్ల శస్త్రకారుడు' అనే ప్రత్యేక ఉద్యోగ శ్రేణులు ఉన్నాయి. వీరు వైద్య పట్టా పొందినవారు కారు. కాని ఒకే రకం ఆపరేషన్‌ను నెలల తరబడి పర్యవేక్షణలో నేర్చుకొని, దానినే చేస్తారు. అడగవలసిన ప్రశ్న పట్టా గురించి కంటే ఫలితం గురించి. శుక్లం తీసిన తరువాత నూటికి కనీసం 80 కళ్లకు 6/18 (అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చూడగలిగేదాన్ని 6 మీటర్ల నుంచి చూడగలగడం) లేదా అంతకంటే మంచి చూపు రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలత పెట్టింది. చేసిన చేయి ఎవరిదైనా ఆ కొలతకు నిలబడాలి. పర్యవేక్షణ లేని చోట, నెలకు రెండు మూడే ఆపరేషన్లు చేసి చేతి వాటం కోల్పోయిన చోట, ఈ శ్రేణులవారి ఫలితాలు దిగజారుతాయి. వైద్యుల విషయంలోనూ జరిగేది అదే.

మీరు నర్సు కాబోతున్నారు గనుక ట్రకోమా గురించి చెబుతాను. ఇది ఒక సూక్ష్మక్రిమి వల్ల చిన్నపిల్లల కళ్లలో మొదలవుతుంది. పదేపదే సోకడంతో పైరెప్ప లోపలి పొర మచ్చలు కట్టి ముడుచుకుపోయి, ఏళ్లు గడిచాక రెప్ప అంచు లోపలికి తిరుగుతుంది. అప్పుడు రెప్పవెంట్రుకలు ప్రతి రెప్పపాటుకూ నల్లగుడ్డును గీస్తూ ఉంటాయి. ఇథియోపియా పల్లెల్లో ఈ బాధ పడే స్త్రీల దగ్గర చిన్న ఇనుప పట్టకారు ఉంటుంది. ఇరుగుపొరుగువారో కూతురో కూర్చుని ఒక్కొక్క వెంట్రుకను పీకుతారు, అవి కొన్ని వారాలలో మళ్లీ మొలుస్తాయి, ఈసారి మొద్దుగా గుచ్చుకుంటాయి. పిల్లలను సాకేది తల్లులూ అక్కలే కనుక వారికి మళ్లీ మళ్లీ సోకుతుంది. ఈ జబ్బుతో గుడ్డివారయ్యే ప్రమాదం పురుషుల కంటే స్త్రీలకు నాలుగు రెట్ల వరకు ఎక్కువ. లోపలికి తిరిగిన రెప్పను బయటికి తిప్పి కుట్టే ఆపరేషన్‌ను ఆరోగ్య కేంద్రంలోని ఒక బల్ల మీద, శిక్షణ పొందిన నర్సు చేయగలదు. ఇథియోపియాలో ఈ ఆపరేషన్లలో అత్యధిక భాగం అలా జరిగినవే. కంటి వైద్యుడి కోసమే ఆగి ఉంటే ఆ స్త్రీలలో చాలామంది ఈపాటికి చూపు పోగొట్టుకొని ఉండేవారు.

ఆపరేషన్ ఒక్కటే చాలదు. ఏడాదికి ఒకసారి ఊరందరికీ అజిత్రోమైసిన్ మందు ఇవ్వడం, పిల్లల ముఖాలు కడగడం, నీరు, మరుగుదొడ్లు సమకూర్చడం కూడా ట్రకోమాను ఎదుర్కొనే వ్యూహంలో భాగాలే. మరుగుదొడ్డికీ కంటికీ సంబంధమేమిటని అడుగుతారేమో. పిల్లల కంటి పుసుల మీద వాలి జబ్బును మోసే ఈగ ఆరుబయట నేల మీద పడి ఉన్న మలంలో గుడ్లు పెడుతుంది. గుంత మరుగుదొడ్డిలో పెరగదు. గొయ్యి తవ్వి పైన కప్పు వేస్తే ఈగ పుట్టే చోటే పోతుందన్నమాట. ఘనా దేశం 2018లో, గాంబియా 2021లో, మలావీ 2022లో ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. భారం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న దేశం ఇప్పటికీ ఇథియోపియాయే.

ప్రశ్న: నదీ అంధత్వానికి మందు ఉచితంగా ఇస్తున్నారు కదా, మరి దశాబ్దాలు గడిచినా ఆ జబ్బు ఎందుకు పోలేదు? మందు పనిచేయడం లేదా?
(ఒక పాఠకుడు)

జవాబు: మందు పనిచేస్తుంది, కాని చంపవలసిన పురుగును చంపదు. వేగంగా పారే నదుల నీటిలో పుట్టే నల్ల ఈగ కుట్టినప్పుడు శరీరంలో చేరే ఈ పురుగు, చర్మం కింద గడ్డలలో 10 నుంచి 15 ఏళ్లు బతికి లక్షల పిల్లలను కంటుంది. దురదకూ గుడ్డితనానికీ కారణం ఆ పిల్లలు. ఐవర్‌మెక్టిన్ అనే ఈ మందు ఆ పురుగు పిల్లలను చంపి, తల్లి పురుగును కొంతకాలం గొడ్రాలిగా ఉంచుతుంది. అందువల్ల తల్లి పురుగు ముసలిదై చచ్చేదాకా ఊరిలో అత్యధికులు ఏటా మందు మింగుతూనే ఉండాలి. 1987లో మందుల తయారీ సంస్థ మెర్క్ ఈ మందును అవసరమైనంత కాలం ఉచితంగా ఇస్తానని ప్రకటించింది. కాని ఓడరేవుకు చేరిన మందు దారి లేని ఊరికి చేరడం వేరే పని.

ఆ పనికి దొరికిన ఉపాయం నాకు చాలా ఇష్టమైనది. మందు పంచే మనిషిని ఆరోగ్యశాఖ కాకుండా ఊరివారే తమలో నుంచి ఎంచుకుంటారు. ఏ నెలలో పంచాలో, ఇంటింటికీ తిరిగి పంచాలో, ఒకచోట చేరి పంచాలో కూడా వారే నిర్ణయిస్తారు. తూకం యంత్రం మోయనక్కరలేదు. రంగు గీతలు గీసిన ఒక పొడవాటి కర్రను నిలబెట్టి, దాని పక్కన మనిషిని నిలబెడితే, తల ఏ గీతకు తగిలితే అన్ని మాత్రలు. అట్టడుగు గీతకు అందని చిన్నపిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. 1995 నుంచి 2015 వరకు సాగిన ఆఫ్రికా నియంత్రణ కార్యక్రమం ఈ పద్ధతి మీదనే నిలిచింది. అంతకు ముందు, 1974 నుంచి 2002 వరకు, పశ్చిమ ఆఫ్రికాలో హెలికాప్టర్ల నుంచి నదుల్లో పురుగుమందు చల్లి ఈగ పిల్లలను చంపారు. ఈగకు భయపడి జనం వదిలిపెట్టిపోయిన నదీలోయలలో సుమారు 2.5 కోట్ల హెక్టార్ల భూమి మళ్లీ సాగుకు వీలైంది. 2025 జనవరిలో నైజర్, ఈ జబ్బు వ్యాప్తిని పూర్తిగా ఆపిన తొలి ఆఫ్రికా దేశంగా గుర్తింపు పొందింది. మధ్య ఆఫ్రికాలోని కొన్ని అడవి ప్రాంతాలలో మాత్రం లోవా లోవా అనే మరో పురుగు ఒంట్లో అధికంగా ఉన్నవారికి ఐవర్‌మెక్టిన్ ప్రాణాపాయం తేగలదు కాబట్టి, అక్కడ పని ఇంకా మెల్లగా, పరీక్షలు చేసుకుంటూ సాగుతున్నది.

ప్రశ్న: నాటువైద్యులను ఎందుకు నిషేధించరు?
(ఒక పాఠకురాలు)

జవాబు: నిషేధం కాగితం మీద సులువు. పొడవాటి సూదితో శుక్లాన్ని కంటి లోపలికి వెనక్కి తోసే ప్రాచీన పద్ధతి పశ్చిమ ఆఫ్రికాలో ఇంకా ఉన్నది. నైజీరియాలో 2005–2007 మధ్య జరిగిన జాతీయ సర్వేలో, శుక్లానికి ఏదో ఒక చికిత్స జరిగిన కళ్లలో పదింట నాలుగు కంటే ఎక్కువ ఇలా సూదితో తోసినవే. వాటిలో అధిక భాగం చూపు లేని కళ్లే. అయినా జనం ఎందుకు వెళతారంటే, అతడు ఇంటికే వస్తాడు, వారి భాషలో మాట్లాడతాడు, సూది గుచ్చిన మరుక్షణం వేళ్లు చూపించి ఎన్నో చెప్పమంటాడు, కొన్ని రోజులు నిజంగానే కనిపిస్తుంది. కన్ను చెడేనాటికి అతడు పై ఊరికి వెళ్లిపోయి ఉంటాడు. ఇలా సూది గుచ్చేవారి మీద చర్య తీసుకోవలసిందే. ఆకు పసరు కంట్లో పోసే ఊరి వైద్యుల సంగతి వేరు. మలావీలో వారిని పిలిచి కూర్చోబెట్టి, కంట్లో ఏదీ పోయవద్దనీ, తెల్లని పొర కనిపించినా, కన్ను ఎర్రబడినా ఆసుపత్రికి పంపమనీ నేర్పారు. రోగి మొదట వెళ్లేది వారి దగ్గరికే కనుక వారిని దూరం పెట్టడం కంటే దారిలో ఒక మజిలీగా మార్చుకోవడం తెలివైన పని అనిపిస్తుంది.

గాంబియా ఇదే ఆలోచనను ఇంకొక విధంగా అమలు చేసింది. అక్కడ ప్రతి ప్రాంతంలోనూ ఊరివారినే కొందరిని ఎంచి 'న్యాటెరో'లుగా తయారుచేశారు. ఆ మాటకు కంటి స్నేహితుడు అని అర్థం. వారి పైన కంటి నర్సులు, ఆ పైన ఆపరేషన్ చేసేవారు. జాతీయ కార్యక్రమం మొదలైన కాలంలో, 1986లో, ఆ దేశ జనాభాలో 0.70 శాతంగా ఉన్న అంధత్వం 1996 సర్వే నాటికి 0.42 శాతానికి తగ్గింది. వైద్యుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టదగినంత ఉన్న దేశం అది.

ప్రశ్న: మా కాలనీలో పాత కళ్లద్దాలు పోగుచేసి ఆఫ్రికాకు పంపాలనుకుంటున్నాము. సలహా ఇవ్వగలరు.
(ఒక యువజన సంఘం)

జవాబు: దయచేసి పంపకండి. పాత అద్దాలలో గీతలు పడనివి ఏరి, ఒక్కొక్కదాని శక్తి కొలిచి, చీటీ అంటించి, ఓడ ఎక్కించి, అక్కడ ఆ శక్తికి సరిపోయే మనిషి దొరికేదాకా దాచే ఖర్చు కంటే కొత్త అద్దాల ధర తక్కువ. ఎక్కువమందికి కావలసినవి చత్వారం అద్దాలు. సహారా దిగువ ఆఫ్రికాలోని పశ్చిమ, తూర్పు, మధ్య ప్రాంతాలలో దగ్గరి చూపు లోపం ఉన్నవారిలో 80 శాతానికి మించి అద్దాలు లేనివారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక అంచనా. వీటిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఊరిలోనే పరీక్షించి ఇవ్వవచ్చు. సూదిలో దారం ఎక్కించలేక మిషను మూలన పెట్టిన దర్జీకి కావలసింది ఎవరో వాడి వదిలేసిన అద్దం కాదు. తన ముఖానికి సరిపోయే, విరిగితే మళ్లీ దొరికే అద్దం.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. ఫోన్‌తోనే కంటి పరీక్ష చేయవచ్చని విన్నాను. అదే నిజమైతే ఈ దూరాల సమస్య తీరినట్లే కదా?
(ఒక యువ పాఠకుడు)

జవాబు: మీరు విన్నది కెన్యాలో రూపుదిద్దుకున్న 'పీక్' పరికరం గురించి అయి ఉంటుంది. నకూరు ప్రాంతంలో కంటి జబ్బుల సర్వే చేయడానికి ఖరీదైన యంత్రాలను లారీలలో మోసుకు తిరిగిన వైద్యుడు ఆండ్రూ బాస్టరస్, ఆయన సహచరులు దానిని తయారుచేశారు. ఫోన్ తెర మీద ఇంగ్లీషు 'ఈ' అక్షరం నాలుగు దిక్కులలో ఏదో ఒక వైపు తిరిగి కనిపిస్తుంది. కొంత దూరంలో నిలబడిన పిల్లవాడు దాని కాళ్లు ఎటు ఉన్నాయో చేయి చాపి చూపిస్తాడు. ఉపాధ్యాయుడు తెర వైపు చూడకుండానే పిల్లవాడు చూపించిన వైపు వేలితో జరుపుతాడు. తప్పు ఒప్పు ఫోనే లెక్క వేసుకుంటుంది. అక్షరజ్ఞానం అక్కరలేదు, పరీక్షించేవారు పొరపాటున జవాబు అందించే అవకాశమూ లేదు.

అయితే పరికరం గొప్పతనం అక్షరంలో లేదు. ట్రాన్స్ న్జోయా కౌంటీలో 50 పాఠశాలలను రెండు జట్లుగా చేసి పరీక్షించి, ఆ ఫలితాలను 2018లో ప్రచురించారు. ఒక జట్టులో గోడ పటంతో పరీక్షించి చీటీ రాసి పంపారు. రెండో జట్టులో ఫోన్‌తో పరీక్షించి, ఆ పిల్లవాడికి లోకం ఎంత మసకగా కనిపిస్తున్నదో చూపే బొమ్మ అచ్చువేసి ఇంటికి పంపారు, తల్లిదండ్రులకూ పాఠశాలకూ సందేశాలు మళ్లీ మళ్లీ పంపారు. చీటీ అందుకున్న పిల్లలలో 22 శాతం మంది మాత్రమే ఆసుపత్రికి చేరారు. రెండో జట్టులో 54 శాతం మంది చేరారు. తల్లికి కొలతల అంకె అర్థం కాకపోవచ్చు, కాని పుస్తకంలోని అక్షరాలు మబ్బు పట్టినట్లున్న ఆ బొమ్మ చూస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు ఆ రెండో అంకెను ఇంకొకసారి చూడాలి. మెరుగైన జట్టులో కూడా 46 శాతం మంది రాలేదు. వారి పేర్లు, పాఠశాలలు, ఇంటివారి ఫోన్ నంబర్లు జాబితాలో ఉన్నాయి, సందేశాలూ వెళ్లాయి. ఆసుపత్రి దూరం, ప్రయాణ ఖర్చు, పొలం పనుల రోజులు మాత్రం ఫోన్ వచ్చాక కూడా అంతకు ముందున్నట్లే ఉన్నాయి. మీరు ఈ రంగంలో ఏదైనా చేయదలిస్తే, పరీక్షకు ఇంకొక కొత్త యాప్ రాయడం కంటే, జిల్లా ఆసుపత్రి వాహనం ఏ రోజు ఏ ఊరికి వెళితే ఆ జాబితాలో ఎక్కువమందిని ఒకే విడతలో తీసుకురావచ్చో లెక్కవేసి చెప్పే పనితో మొదలుపెట్టండి.